తెల్లబోయిన పచ్చసొన

మొన్న ఏప్రిల్లో మా అమ్మ ఊరి నుంచి ఇరవై గుడ్లు పంపింది. అంబాజీపేట పక్కన మా ఊరు. పాత పాల డబ్బాలో అడుగున ఊక పోసి, గుడ్లు పేర్చి, మళ్ళీ ఊక పోసి, రాజమండ్రి వచ్చే కుర్రాడి చేతికిచ్చింది. రావులపాలెంలో బస్సు మారి అంత దూరం వచ్చినా ఒక్కటీ చిట్లలేదు. వాటిలో ఆరు ఎదురు ఫ్లాట్ ఆంటీగారికి ఇచ్చాను. మనవడికి నాటుగుడ్లు పెట్టాలని ఆవిడ ఎప్పటినుంచో అడుగుతున్నారు.

మర్నాడు లిఫ్టు దగ్గర కనబడ్డారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఏమనుకోకు బాబూ. అమ్మగారికి ఎవరో ఫారం గుడ్లు అంటగట్టేసినట్టున్నారు. కొట్టి చూస్తే సొన తెల్లగా పాలిపోయుంది" అన్నారు.

అంటగట్టడానికి మా అమ్మ గుడ్లు కొనదు. పెరట్లో ఏడు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. ఏది ఎక్కడ పెడుతుందో, ఏది పొదుగుడుకి వచ్చిందో, ఏది పక్కింటి గడ్డివాములో దొంగచాటుగా పెట్టి వస్తోందో అన్నీ ఆవిడకి తెలుసు. ఇదంతా ఆంటీగారికి చెప్పాను. నమ్మినట్టు తల ఊపారు. మొహమాటానికి ఊపే తల ఎలా ఉంటుందో మనకి తెలియదూ!

అంతకంటే పెద్ద తప్పు నేను చేశాను. ఆ రాత్రి ఫోన్లో నవ్వుతూ ఈ సంగతి అమ్మకి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఇంకెవరికీ ఇవ్వకు. నువ్వే తిను" అని పెట్టేసింది.

గుడ్డు కొట్టగానే సొన రంగు చూసి ఇది అసలు, ఇది నకిలీ అని తేల్చేయడం మన ఇళ్ళలో మామూలే. ముదురు రంగైతే నాటుది, బలం. లేతగా ఉంటే ఫారంది, చప్పిడి. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఆ ఫోన్ తర్వాతే దీని సంగతేమిటో చూద్దామని కూర్చున్నాను. తేలిందేమిటంటే, సొన రంగు మనకి చెప్పే కబురు ముఖ్యంగా ఒక్కటే: ఆ కోడి ఈమధ్య పది పన్నెండు రోజుల్లో ఏం తిన్నదో. అది ఎక్కడ తిరిగింది, ఎంత సుఖపడింది, గుడ్డులో మాంసకృత్తులు ఎన్ని ఉన్నాయి అన్నది ఆ రంగుకి తెలియదు.

కోడి ఒంట్లో పసుపు రంగు తయారయ్యే ఏర్పాటు లేదు. ఆ రంగు మొక్కలు చేసుకునేది. కోడి మేతలో దాన్ని తిని, పేగుల్లో పీల్చుకుని, రక్తం ద్వారా సొనకి చేరవేస్తుంది. ఆ రంగు పదార్థాల్లో ముఖ్యమైనవి ల్యూటిన్, జియాజాంథిన్. ఇవి కొవ్వులో కరుగుతాయి, సొనలో కొవ్వు బాగా ఉంటుంది, అందుకని అక్కడ చేరి నిలబడతాయి. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ కూడా వీటికి దగ్గరి చుట్టమే గానీ, దాన్ని కోడి చాలావరకు విటమిన్ ఎ కింద మార్చేసుకుంటుంది. ఆ విటమిన్‌తో సొనకి పెద్దగా రంగు రాదు. అంటే పాలిపోయిన సొనలో విటమిన్ ఎ నిండుగా ఉండొచ్చు, ఎర్రటి సొనలో తక్కువా ఉండొచ్చు. కంటితో చూసి చెప్పడం కుదరదు.

మన భాషలో ఒక తమాషా ఉంది. ఆకునీ పచ్చ అంటాం, పసుపునీ పచ్చ అంటాం. చిలకపచ్చా పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. చిన్నప్పుడు ఇంగ్లీషు మాస్టారు ఈ విషయం పట్టుకుని మనవాళ్ళకి రెండు రంగులకి తేడా తెలియదని క్లాసులో వెక్కిరించేవారు. ఇప్పుడనిపిస్తుంది, తెలుగు మాటే కరెక్టని. ప్రతి పచ్చటి ఆకులోనూ ల్యూటిన్ ఉంటుంది. ఆకుపచ్చ రంగు దాన్ని కప్పేస్తుంది కాబట్టి మన కంటికి కనబడదు. మునగాకు తిన్న కోడి కడుపులో ఆ ఆకుపచ్చ పోయి, అడుగునున్న పసుపుపచ్చ సొనకి చేరుతుంది. ఆకు పచ్చ, సొన పచ్చ ఒకే సరుకు. కాకపోతే పచ్చసొన అని పేరు పెట్టుకున్నాం కాబట్టి, అది తెల్లగా కనబడితే పేరే మోసం చేసినట్టు బాధపడతాం.

మరి మా అమ్మ కోళ్ళ సొన ఎందుకు తెల్లబోయింది? ఏప్రిల్ కాబట్టి. దాళ్వా కోతల రోజులు. ఊళ్ళో ఏ రోడ్డు చూసినా ఆరబోసిన ధాన్యమే. కోళ్ళకి పండగ. తెల్లారి గంప తీయగానే రోడ్డెక్కి, మధ్యాహ్నం దాకా వడ్లు ఏరుకుని, ఎండకి అరుగు కిందకి చేరి, సాయంత్రం అమ్మ వేసే నూకలు తిని గంప కిందకి వెళ్ళిపోతాయి. పెరట్లో గడ్డి ఎండి ఉంటుంది. వరిలో సొనకి రంగిచ్చే సరుకు దాదాపు ఉండదు. నూకలు, తెల్లన్నం, గోధుమలు, ఏవి మేపినా అంతే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మా వైపు కాలవ నీళ్ళంటే వరే. మనుషులకి అన్నం, కోళ్ళకి నూకలు, గేదెలకి తవుడు. అలాంటి చోట ఎండాకాలంలో నాటుగుడ్డు సొన పాలిపోయి ఉండటమే సహజం. ఆంటీగారు నకిలీ అని పట్టుకున్నది నిజానికి డెల్టా గుడ్డు తాలూకు సిసలైన గుర్తు.

ఈ మాట అమ్మకి చెబితే ఆవిడకి పంతం వచ్చింది. "అయితే తేల్చేద్దాం" అంది. నల్లపెట్ట అప్పుడే కొత్తగా పెట్టడం మొదలెట్టింది. దాన్ని విడిగా జాలీ కట్టిన మూలలో పెట్టి, కొట్లో కొన్న మొక్కజొన్న నలగ్గొట్టి, పొన్నగంటి ఆకూ మునగాకూ తరిగి వెయ్యడం మొదలుపెట్టింది. మిగతా ఆరూ ఎప్పట్లాగే రోడ్డు మీదకి. నల్లపెట్ట పెట్టిన ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ వేసింది. పదిహేను రోజుల తర్వాత నేను ఊరెళ్ళేసరికి పది గుడ్లు వరసగా పెట్టి ఉన్నాయి. అన్నీ ఉడకబెట్టి, దారంతో సగానికి కోశాం.

మొదటి రెండూ పాలలో చిటికెడు పసుపు కలిపినట్టున్నాయి. ఐదో గుడ్డు దగ్గర అమ్మ ఆగిపోయింది. సొన మధ్యలో లేత రంగు, చుట్టూ అంచున ముదురు పసుపు. ఎవరో బొట్టు చుట్టూ గీత దిద్దినట్టుంది. తర్వాతి గుడ్లలో ఆ అంచు లావెక్కుతూ వచ్చింది, మధ్యలో తెలుపు చిక్కిపోతూ వచ్చింది. పదో గుడ్డు నిండా పసుపే. "పొరలు పొరలుగా వేసుకుంటోందే!" అంది అమ్మ, ఉల్లిపాయ చూసినట్టు చూస్తూ. అదే జరుగుతుంది. గుడ్డు బయటికి రావడానికి ముందు దాదాపు పది రోజుల పాటు సొన లోపల్నుంచి బయటికి పొర మీద పొరగా పెరుగుతుంది. మేత మారిస్తే ముందు పై పొర మారుతుంది, తర్వాత మొత్తం. ఆ సొన తెల్లసొన చుట్టుకుని, పెంకు కట్టుకుని బయట పడటానికి మాత్రం ఒక్క రోజు చాలు.

అదే పెట్ట, అదే పెరడు. పదిహేను రోజుల్లో ఫారం గుడ్డు నాటుగుడ్డయిపోయింది, ఆంటీగారి లెక్కలో.

అసలైన ఫారం సంగతి కూడా చూడాలి కదా అని అనపర్తి వైపు మా మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఆ చుట్టుపక్కల ఏ ఊరికెళ్ళినా లేయర్ కోళ్ళ షెడ్లు కనిపిస్తాయి. రోజూ ప్రకటించే గుడ్ల రేట్లలో తూర్పు గోదావరికి, పశ్చిమ గోదావరికి విడివిడిగా రేటు ఉంటుంది, అంత వ్యాపారం. మావయ్య వెళ్ళగానే చేసిన పని, ట్రేలోంచి ఒక గుడ్డు తీసి సాసర్లో కొట్టి నా ముందు పెట్టడం. నిండు పసుపు. మా అమ్మ ఏప్రిల్ గుడ్డు దీని పక్కన పెడితే రోగిష్టిదానిలా ఉంటుంది.

"మొక్కజొన్న అల్లుడూ" అన్నాడు మావయ్య. "దాణాలో సగానికి పైగా అదే. సోయా చెక్క, తవుడు, గుల్ల, విటమిన్లు మిగతావి. కోడి రోజుకి నూట పది గ్రాములు తింటది. మొక్కజొన్న రేటెక్కినప్పుడు నూకలు కలుపుతాం. అప్పుడు సొన తెల్లబడుద్ది. గుడ్లు మాత్రం తగ్గవు."

ఈమధ్య మొక్కజొన్న ఇథనాల్ ఫ్యాక్టరీలకి కూడా పోతోంది కాబట్టి ఆ రేటెక్కడం తరచూ అవుతోందని ఆయన బాధ. ఇంకో మాట కూడా చెప్పాడు. గోడౌన్‌లో నెలల తరబడి నిలవున్న మొక్కజొన్న రంగు దిగిపోతుందట, కొత్త పంట వేసినప్పుడు సొన మళ్ళీ తేరుకుంటుందట. ఆ రంగు పదార్థాలు గాలికీ వెలుతురుకీ నెమ్మదిగా పాడైపోతాయి, కాబట్టి ఆయన చెప్పింది నిజమే. అంటే ఫారం కోడి సొన రంగులో మార్కెట్ రేటు, గోడౌన్ వయసు కూడా కలిసి ఉంటాయి.

తర్వాత షెడ్డులోకి తీసుకెళ్ళాడు. ఒక పంజరంలోంచి తెల్లకోడిని పట్టుకుని కాళ్ళు చూపించాడు. పాలిపోయి, దాదాపు తెల్లగా ఉన్నాయి. పక్క దాన్లోంచి ఇంకోదాన్ని తీశాడు. దాని కాళ్ళు పసుపు రాసుకున్న పేరంటాలి పాదాల్లా ఉన్నాయి. "రెండిట్లో ఏది మంచిది?" అన్నాడు. పసుపు కాళ్ళదే అన్నాను. ఎవరైనా అదే అంటారు.

"చూసి మురిసిపోకు. అది ఉత్తినే తిని కూర్చుంటోంది. గుడ్లు పెట్టేది ఈ తెల్లకాళ్ళదే."

ఈ జాతి కోళ్ళకి గుడ్లు పెట్టడం మొదలెట్టక ముందు ముక్కు, కాళ్ళు, కంటి చుట్టూ చర్మం పసుపుగా ఉంటాయి. పెట్టడం మొదలయ్యాక మేతలో వచ్చిన పసుపంతా సొనకే పోతుంది. ఒంట్లో ఉన్నది కరుగుతూ వస్తుంది. ముందు గుడ్డు వచ్చే చోట, తర్వాత కంటి చుట్టూ, ముక్కు, అన్నిటికంటే చివర కాళ్ళు. కాళ్ళు తెల్లబడటానికి నెలలు పడుతుంది. పెట్టడం ఆపేస్తే పసుపు మళ్ళీ అదే వరసలో తిరిగొస్తుంది. పుస్తకాల్లో ఉన్న సంగతే, కానీ మావయ్య చేతిలో ఆ రెండు జతల కాళ్ళు పక్కపక్కన చూశాక గానీ నాకు ఎక్కలేదు. తెల్లబోవడం అంటే ఓడిపోవడమే కానక్కర్లేదు.

ఇక మేతలో కలిపే రంగు పొడి విషయం. మన రాష్ట్రం నుంచి ఒడిశా, బెంగాల్ వైపు లారీల్లో వెళ్ళే మామూలు గుడ్లకి ఎవరూ రంగు చూడరు, రేటు చూస్తారు. డబ్బాలో పెట్టి ఎక్కువ ధరకి అమ్మే గుడ్లకైతే చూస్తారు. దానికో కొలత ఉంది. పెయింట్ షాపులో షేడ్ కార్డు లాంటి విసనకర్ర, లేత పసుపు నుంచి ముదురు నారింజ దాకా పదిహేను రేకులు, ఇప్పుడు పదహారు కూడా. కొట్టిన గుడ్డు పక్కన పెట్టి నంబరు చెబుతారు. జర్మనీలో ముదురు నారింజ కావాలంటారు, ఉత్తర ఐరోపాలో అంతకంటే లేతగా ఉన్నా సరే. ఏ నంబరు కావాలో చెబితే ఆ నంబరు మేతలో కలుపుతారు. పసుపు కోసం బంతిపువ్వు రేకుల నుంచి తీసిన ల్యూటిన్, ఎరుపు కోసం ఎండుమిరప రంగు. లేదా ఫ్యాక్టరీలో తయారుచేసిన కాంథాజాంథిన్ లాంటివి. (కోడికి కారం తెలియదు. పక్షుల నాలుకకి మిరప మంట తగలదు. నవ్వు రాదూ?) కాంథాజాంథిన్ ఎక్కువ మోతాదులో మనుషుల కంటి రెటీనాలో స్ఫటికాలుగా పేరుకున్న కేసులు బయటపడ్డాక, ఐరోపాలో గుడ్ల కోళ్ళ మేతలో కిలోకి 8 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టారు. ఆ పేరుకోవడం ఎండలో కమిలిన రంగు ఒంటికి రావాలని మింగిన మాత్రల వల్ల, గుడ్ల వల్ల కాదు. ఆ తేడా చెప్పకుండా భయపెట్టే వాట్సాప్ మెసేజ్‌లు నాకూ వచ్చాయి.

అనపర్తి నుంచి బండి మీద తిరిగొస్తుంటే కడియం దగ్గర బంతిపూల బుట్టలు కనిపించాయి. దసరాకి ప్రతి గుమ్మానికీ కట్టేవి. కోడి మేతలో సొనని ముదిరించేవీ ఇవే. ఒకసారి పండగ వెళ్ళాక వాడిపోయిన తోరణాలు కోళ్ళకి వేద్దామా అంటే అమ్మ ఒప్పుకోలేదు. గుమ్మానికి కట్టినవి కోడి కాళ్ళ కింద పడకూడదంది. పైగా ఆ పూల మీద ఏ మందు కొట్టారో ఎవరికి తెలుసు అంది. రెండోది గట్టి పాయింటు.

సహజం అనే మాట మీద కూడా నాకు అనుమానం వచ్చింది ఇదే తిరుగుడులో. భీమవరం వైపు రొయ్యలు ఒలిచే చోట తలలూ పొట్టూ ఏరుకు తినే కోళ్ళుంటాయి. రొయ్యలో ఉండే అస్టాజాంథిన్ అనే ఎర్ర రంగు సొనకి కూడా పోతుంది. ఆ గుడ్డు కొడితే కుంకుమ కలిపినట్టుంటుంది. సంతలో దాన్ని ఎవరైనా కళ్ళకద్దుకుని కొంటారు. అది రొయ్యల పొట్టు కుప్ప మీద తయారైన రంగు. తప్పేమీ లేదు, కానీ దాన్ని చూసి పచ్చిక బయళ్ళు ఊహించుకుంటే ఎలా?

అలాగని పెద్దవాళ్ళ మాట ఉత్తదే అని కొట్టిపారేయను. ల్యూటిన్ ఉత్త రంగు కాదు. మన కంటి రెటీనా మధ్యలో పసుపు మచ్చ అనే చోట అది పేరుకుంటుంది, కంటికి మేలు చేస్తుందంటారు. ఆకుకూరలో కంటే సొనలోంచి మన ఒంటికి బాగా పడుతుంది, కొవ్వుతో కలిసి ఉంటుంది కాబట్టి. ఆకులూ మొక్కజొన్నా తిన్న కోడి ముదురు సొనలో అది నిజంగానే ఎక్కువ. మిరప ఎరుపుతోనో ఫ్యాక్టరీ ఎరుపుతోనో వచ్చిన ముదురుతనంలో అది ఉండాలని లేదు. కంటికి రెండూ ఒకటే. ఇంకోటి, కోడికి పేగుల్లో జబ్బు చేసినా, బూజు పట్టిన మేత తిన్నా రంగు పీల్చుకోవడం తగ్గి సొన పాలిపోతుంది. మేత మారకుండా ఒక్కసారిగా సొన తెల్లబడితే మావయ్య లాంటివాళ్ళు ముందు కోడిని అనుమానిస్తారు. పత్తిగింజల చెక్క ఎక్కువైతే నిలవున్న గుడ్డులో సొన పాచిరంగుకి తిరుగుతుంది. ఇవన్నీ రంగు చెప్పే నిజాలే. కానీ ఇవి కోడిని పెంచేవాడికి పనికొచ్చే నిజాలు. అతనికి మేత తెలుసు, కోడి తెలుసు. ఫ్లాట్‌లో సాసర్ ముందు నిలబడిన మనకి ఆ రెండూ తెలియవు.

ఉడికిన గుడ్డు సొన చుట్టూ నల్లాకుపచ్చ గీత కనబడితే మందులు వేశారనే వాళ్ళు కూడా ఉన్నారు. అది ఎక్కువసేపు ఉడకబెట్టినందుకు. తెల్లసొనలో గంధకం, పచ్చసొనలో ఇనుము కలిసి కట్టే రంగు. మా ఇంట్లో కోడిగుడ్డు పులుసులో ఆ గీత లేని గుడ్డు నేనెప్పుడూ చూడలేదు.

అసలు నా పేచీ డబ్బు దగ్గర. నాటుగుడ్డు ఫారం గుడ్డుకి రెండు మూడింతలు పలుకుతుంది. ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ఏడు పెట్టల్ని కుక్కల నుంచి, గద్దల నుంచి, తెగుళ్ళ నుంచి కాపాడి ఏడాదికి ఒక్కో పెట్ట దగ్గర ఫారం కోడి పెట్టేదాంట్లో చిన్న వంతు గుడ్లే వచ్చే మనిషికి ఆ ధర న్యాయం. కానీ ఆ ధర రంగుకి కట్టామంటే, రంగు అమ్మేవాడు వస్తాడు. రంగు సీసాలో దొరుకుతుంది, పెరడు దొరకదు. ఏప్రిల్లో నిజం గుడ్డు తెచ్చిన ముసలావిడ సంతలో తెల్లమొహం వేసుకుని తిరిగిపోతుంది, ముదురు నారింజ కలిపినవాడి సరుకు అమ్ముడైపోతుంది. మనం అసలుని కాపాడుతున్నామనుకుంటూ పెట్టే పరీక్షలో ముందు ఫెయిలయ్యేది అసలే.

జపాన్‌లో హొక్కైడో వైపు కోళ్ళకి బియ్యం మేపి, దాదాపు తెల్లటి సొనతో వచ్చే గుడ్లని ప్రత్యేకంగా అమ్ముతారు. వాటితో చేసిన కేకులు కూడా తెల్లగా ఉంటాయని కొంటారు. వాళ్ళు గొప్పగా చెప్పుకుని అమ్మేదే మా అమ్మ ఏప్రిల్లో ఊక డబ్బాలో ఉత్తినే పంపింది. ఇది చెబితే అమ్మ, "అయితే ఆవిడని జపాన్ వెళ్ళి కొనుక్కోమను" అంది. కోపం ఇంకా తగ్గలేదు.

గుడ్డు కొట్టి నేను ఇప్పుడు చూసేది సొన నిలబడిందా, చదునుగా పరుచుకుందా అన్నది. నిలబడితే తాజాది. తెల్లసొన చిక్కగా దాన్ని పట్టుకుని ఉండాలి. నీళ్ళలా పారితే పాతబడిందని. ఇది మేతలో రంగుని బట్టి మారని లెక్క, రంగు పొడితో కొనలేని లెక్క. నాటుదా కాదా అంటే మాత్రం, ఆ పెరడు చూసినవాళ్ళ దగ్గర కొనుక్కోవడం తప్ప నాకు వేరే దారి కనబడలేదు.

ఆగస్టులో వానలు పట్టాక అమ్మ మళ్ళీ గుడ్లు పంపింది. పెరట్లో గడ్డి మోకాలెత్తు లేచింది, కోళ్ళు పురుగుల వెంట పడి నూకల మొహం చూడటం లేదట. ఆంటీగారికి ఆరు ఇచ్చాను, ఏమీ చెప్పకుండా. సాయంత్రం తలుపు కొట్టారు. చేతిలో ఖాళీ గిన్నె, మొహం వెలిగిపోతోంది. "ఇవీ నాటుగుడ్లంటే! సొన చూడు ఎలా ఉందో. ఎక్కడ కొన్నావు బాబూ?"

"అదే ఏడు పెట్టలండి" అన్నాను.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఈసారి కూడా కాసేపు మాట లేదు.

"వచ్చే ఏప్రిల్లో కూడా ఆవిడకే ఇవ్వు" అంది. "తింటుందో లేదో చూద్దాం."